సైనిక డయోరామా నిర్మాణం: స్కేలు, నేల, గడ్డి, గోడలలో దేనికి ఏది తగినది

సైనిక డయోరామా, అంటే యుద్ధ దృశ్యాన్ని చిన్న నమూనాలతో చూపే పీఠం, తయారు చేయాలనుకునేవారిలో చాలామంది ముందుగా ఒక ట్యాంక్ కిట్ (విడి భాగాలుగా వచ్చే నమూనా) కొని, దానిని శ్రద్ధగా అతికించి, రంగులు వేసి, ఆ తరువాత దాని కింద పరచడానికి తగిన నేల కోసం వెతుకుతారు. ఈ వరుసలో చేసిన పని ఎంత చక్కగా ఉన్నా, నేల మీద పెట్టిన ట్యాంక్‌లాగే కనిపిస్తుంది తప్ప ఆ నేల మీద నడిచి వచ్చిన ట్యాంక్‌లా కనిపించదు. ముందుగా తేల్చుకోవలసినది ఒక క్షణం: ఎక్కడ, ఏ ఋతువులో, ఎవరు ఏం చేస్తుండగా. 1944 వేసవిలో ఫ్రాన్స్‌లోని నార్మండీ పొలాల మధ్య, రెండు వైపులా మట్టిగట్లూ పొదలూ కమ్ముకున్న ఇరుకు దారి అనుకుంటే పచ్చదనానికే సగం శ్రమ పోతుంది. 1942-43 చలికాలంలో స్టాలిన్‌గ్రాడ్ అనుకుంటే ఇటుకలు, విరిగిన దూలాలు, మంచు కావాలి. ఉత్తర ఆఫ్రికా అనుకుంటే ఇసుక తిన్నెలకన్నా రాళ్లతో నిండిన గట్టినేలే ఎక్కువగా చూపవలసి ఉంటుంది. దృశ్యం తేలాక స్కేలు (నిజమైన వస్తువులో నమూనా ఎన్నో వంతు అన్న లెక్క), స్కేలు తేలాక పదార్థాలు వాటంతట అవే కుదురుకుంటాయి.

ఇక్కడ పోల్చిన ప్రతి పదార్థానికీ నేను వాడే కొలబద్ద ఒక్కటే. అది ఆ దృశ్యంలో నిలబడబోయే సైనికుడి బొమ్మ. గడ్డి అతని కాలికి ఎంతవరకు వస్తుంది, ఇటుక అతని చేతిలో ఇముడుతుందా, గులకరాయి అతనికి రాయిలా ఉందా బండలా ఉందా అని చూసుకుంటే సగం సందేహాలు దుకాణంలోనే తీరిపోతాయి.

స్కేలు

ఎంపిక ముఖ్యంగా 1/35, 1/48, 1/72 మధ్యే ఉంటుంది. 175 సెం.మీ. ఎత్తున్న మనిషి 1/35లో 50 మి.మీ., 1/48లో సుమారు 36 మి.మీ., 1/72లో సుమారు 24 మి.మీ. ఉంటాడు. జర్మన్ టైగర్ ట్యాంక్ ఫిరంగి గొట్టంతో కలిపి 8.45 మీటర్లు కనుక 1/35లో 24 సెం.మీ., 1/72లో 12 సెం.మీ.కు కొంచెం తక్కువ వస్తుంది. పొడవులో తేడా రెండింతలే అనిపించినా, అదే దృశ్యానికి 1/35లో నాలుగింతలకు పైగా చోటు, ఎనిమిదింతలకు పైగా పదార్థం పడతాయి. మొదటిసారి చేసేవారు ఈ లెక్క వేసుకోకపోవడం వల్లనే పెద్ద పీఠం మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తుంటారు.

1/35 అనేది ఏ కొలత పద్ధతి నుంచీ పుట్టినది కాదు. 1960ల ఆరంభంలో టామియా సంస్థ తన పాంథర్ ట్యాంక్ కిట్‌లో మోటారు, బ్యాటరీలు పట్టేలా పరిమాణం నిర్ణయించుకుంటే అది సుమారు 1/35 అయింది, తక్కిన తయారీదారులు ఆ దారినే నడిచారు. అందువల్ల సైనికులు, ఆయుధాలు, పెట్టెలు, డ్రమ్ములు, ఇళ్లు ఈ స్కేలులో దొరికినంతగా మరే స్కేలులోనూ దొరకవు. ముఖంలో అలసటను, చేతి వేళ్ల పట్టును చూపాలంటే 50 మి.మీ. మనిషే సరైనవాడు. 1/72 బలం వేరు. ఒక వీధి మొత్తాన్ని, వంతెనను, నాలుగు ట్యాంకుల వరుసను ఒక పుస్తకాల అరలో పట్టించవచ్చు. అయితే ఈ స్కేలులోని సైనికుల పెట్టెలు చాలావరకు మెత్తని, వంగే ప్లాస్టిక్‌తో వస్తాయి. సబ్బునీటితో కడిగి ప్రైమర్ (రంగు పట్టి నిలిచేలా వేసే అడుగు పూత) వేయకపోతే తుపాకీ గొట్టాల మీద రంగు పెచ్చులుగా ఊడిపోతుంది. 1/48లో విమానాల కిట్లు సమృద్ధిగా ఉన్నాయి కనుక విమానాశ్రయ దృశ్యానికి, అంటే ఇంధనం నింపే లారీ, పక్కన మెకానిక్కులు, నేల మీద విమానం వంటి వాటికి అదే మంచి ఎంపిక.

నమూనా రైలుమార్గాల కోసం తయారయ్యే చెట్లు, ఇళ్లు, కంచెలు కొంత చవకగా దొరుకుతాయి కనుక వాటి కొలతలు తెలిసి ఉండటం మంచిది. 1/76 ఉండే ఓఓ సామగ్రి 1/72 దృశ్యంలో దాదాపు తేడా తెలియకుండా కలిసిపోతుంది. అమెరికా ఓ స్కేలు 1/48 కనుక నేరుగా పనికివస్తుంది. 1/87 ఉండే హెచ్ఓ సామగ్రి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అందులో రెండు మీటర్ల తలుపు 23 మి.మీ. మాత్రమే ఉంటుంది, 1/72 సైనికుడు 24 మి.మీ. ఉంటాడు కనుక తన ఇంట్లోకి తానే తలవంచి పోవలసి వస్తుంది. హెచ్ఓ చెట్లను, పొదలను తీసుకోవచ్చు గాని తలుపులు, కిటికీలు, మెట్లు ఉన్నవాటిని తీసుకోకూడదు.

ఒక వాహనం, నలుగురు మనుషులు, వారి మధ్య నడిచే ఏదో ఒక విషయం మీకు ముఖ్యమైతే 1/35 ఎంచుకోండి. చోటే కథానాయకుడైతే 1/72 ఎంచుకోండి.

నేల

నేలకు అడుగు పొరగా ఏదైనా ఎత్తును ఇచ్చే తేలికపాటి పదార్థం కావాలి. థర్మోకోల్ అన్నిటికన్నా చవక, కాని కోసినప్పుడు గింజలు గింజలుగా రాలుతుంది, దాని మీద సన్నని గీత నిలవదు. ఎక్స్‌పీఎస్ ఫోమ్ (ఒత్తుగా ఉండే పాలీస్టైరిన్ నురుగు) పలక గింజలు లేకుండా ఒకే ముద్దగా ఉంటుంది కనుక కత్తితో శుభ్రంగా తెగుతుంది, గరుకు కాగితానికి లొంగుతుంది, పెన్సిల్ మొనతో గీసిన రాతి అతుకు కూడా అలాగే నిలుస్తుంది. పైన ముద్ద పూసి పూర్తిగా కప్పేసే గుట్టకు థర్మోకోల్ చాలు. అంచు బయటికి కనిపించే చోట, చెక్కవలసిన చోట ఎక్స్‌పీఎస్ కావాలి. రెండింటికీ వర్తించే హెచ్చరిక ఒకటుంది: డబ్బా స్ప్రే రంగులు, ద్రావకం ఉన్న జిగురులు వీటిని కరిగించి గుంటలు చేస్తాయి. కనుక తెల్ల జిగురుతో అతికించి, నీటిలో కలిసే రంగునో జిగురునో పొరగా పూసి, అది ఆరాకనే తక్కిన పని చేయాలి.

పై పొరకు వాడే వాటిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్, గాలికి ఆరే బంకమన్ను, ఇంట్లో కలుపుకునే మట్టి ముద్ద అనే మూడింటిని నేను ఎన్నోసార్లు వాడాను. ప్లాస్టర్ త్వరగా గట్టిపడుతుంది, రాతిలా చెక్కుకోవచ్చు, రంగును బాగా పీల్చుకుంటుంది. దాని లోపాలు బరువు, పెళుసుదనం. అంచు తగిలి పెచ్చు ఊడితే లోపలి తెలుపు బయటపడుతుంది కనుక కలిపేటప్పుడే నీటిలో గోధుమరంగు పొడి వేసుకోవాలి. బంకమన్ను చేతికి హాయిగా ఉంటుంది, కాని ఆరుతూ కుంచించుకుపోయి బీటలు వారుతుంది. ఎండిన చెరువు అడుగును చూపదలిస్తే అంతకన్నా సహజమైన బీటలు చెక్కి తెచ్చుకోలేము. పచ్చిక నేలకు మాత్రం అది తగదు.

మూడవది నాకు ఇష్టమైనది. జల్లెడ పట్టిన సన్నని మట్టి, నానబెట్టి నలిపిన కాగితపు గుజ్జు, తెల్ల జిగురు, కొంచెం గోధుమరంగు కలిపిన ముద్ద ఇది. మట్టిని ముందుగా బాగా వేడి చేసి పురుగు, బూజు లేకుండా చేసుకోవాలి. ఈ ముద్ద నెమ్మదిగా ఆరుతుంది, బీటలు తక్కువ, పై నుంచి కింది దాకా ఒకే రంగులో ఉంటుంది. నెమ్మదిగా ఆరడమే దీని గొప్ప మేలు, ఎందుకంటే ట్యాంక్ జాడ వేయడానికి తగినంత సమయం దొరుకుతుంది.

ఆ జాడ గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే వాహనానికీ నేలకూ బంధం కుదిరేది అక్కడే. ముద్ద పరిచిన తరువాత వేలితో పరీక్షించాలి: నొక్కితే గుంట పడాలి, వేలికి అంటకూడదు. ఆ స్థితికి వచ్చాక కిట్‌లో మిగిలిన ట్రాక్ (ట్యాంక్ చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టా) ముక్కను నీటిలో ముంచి, ఒక అడుగు తరువాత ఒక అడుగు చొప్పున నిలువుగా నొక్కి నిలువుగా తీయాలి. పక్కకు లాగితే పళ్ల ముద్ర చెరిగిపోతుంది. నొక్కినంతమేర మట్టి పక్కలకు ఉబకాలి, ఆ ఉబుకును తడి బ్రష్షుతో కొంచెం పైకి లేపాలి. లోతును వాహనం బరువు నిర్ణయిస్తుంది. టైగర్ సుమారు 57 టన్నులు, సోవియట్ ట్యాంక్ టీ-34/85 సుమారు 32 టన్నులు. వెడల్పు కూడా కొలిచి చూసుకోవాలి: టైగర్ యుద్ధపు ట్రాక్ 725 మి.మీ. వెడల్పు కనుక 1/35లో దాదాపు 21 మి.మీ., టీ-34 ట్రాక్ 500 మి.మీ. కనుక 14 మి.మీ.కు కాస్త పైన వస్తుంది. ఒకే బురదలో రెండు వాహనాలు నడిచిన దారిని చూపితే ఈ తేడాయే చూసేవారికి కథ చెబుతుంది. వాహనం మలుపు తిరిగిన చోట వంపు బయటి వైపున మట్టి కుప్పపడాలి. ఇదంతా అయ్యాక గదిలో దీపం ఆర్పి, టార్చిని నేలకు ఆనించినట్టు పక్కనుంచి వేసి చూడండి. పగటి వెలుతురులో కనిపించని బల్లపరుపు చోట్లన్నీ నీడలు లేక బయటపడతాయి.

నేలకు అడుగున ఉండే పలక గురించి నాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. పలుచని ఎండీఎఫ్ (కలప పీచును నొక్కి చేసిన) పలక మీద రంగు గాని వార్నిష్ గాని వేయకుండా ప్లాస్టర్ పోశాను. తెల్లవారి చూస్తే నాలుగు మూలలూ లేచి ఉన్నాయి, మధ్యలో వేసిన దారి పొడవునా పగులు వచ్చింది. రెండు వారాల పని అది. అప్పటి నుంచి మందమైన పలక తీసుకుని, రెండు వైపులా, అంచులకు కూడా వార్నిష్ పట్టించిన తరువాతనే తడి పని మొదలుపెడుతున్నాను.

గడ్డి, చెట్లు

స్టాటిక్ గ్రాస్ అంటే కత్తిరించిన కృత్రిమ పోగులు. వాటిని చేతితో చల్లితే పడుకుంటాయి. విద్యుదావేశం ఇచ్చే పరికరంతో, దాని తీగను తడి జిగురులో గుచ్చిన మేకుకు తగిలించి చల్లితే నిలబడతాయి. పోగు పొడవును స్కేలుతో కలిపి చూడాలి. 4 మి.మీ. పోగు 1/72లో 29 సెం.మీ. గడ్డి, అంటే సైనికుడి పిక్క దాకా వస్తుంది. అదే పోగు 1/35లో 14 సెం.మీ. మాత్రమే, చీలమండకు కాస్త పైకి వస్తుంది. 12 మి.మీ. పోగు 1/35లో దాదాపు మోకాలికి వస్తుంది, 1/72లో తొడ దాటుతుంది. ఒకే పొడవు, ఒకే పచ్చ వాడితే ఆటస్థలంలా కనిపిస్తుంది కనుక రెండు మూడు పొడవులు, అందులో ఎండుగడ్డి రంగు తప్పనిసరిగా కలపాలి.

పరికరం కొనడం అవసరమా అంటే పీఠం మీది పచ్చిక అరచేతి వెడల్పు దాటకపోతే అవసరం లేదు. కుదుళ్లుగా తయారై వచ్చే గడ్డిని పట్టకారుతో ఒక్కొక్కటిగా నాటుకోవచ్చు, శ్రమ ఎక్కువైనా ఫలితం బాగుంటుంది. ఎండిన పొడవాటి గడ్డికి, కోతకు వచ్చిన గోధుమ చేనుకు కొబ్బరి పీచు అన్నిటికన్నా నమ్మదగినది. 1/35లో దాని మందం సరిగ్గా కుదురుతుంది, 1/72లో మాత్రం కర్రల్లా కనిపిస్తుంది.

చెట్ల విషయంలో స్కేలు కఠినంగా ఉంటుంది. 10 మీటర్ల చెట్టు 1/35లో 28 సెం.మీ. దాటుతుంది, 25 మీటర్ల చెట్టు 70 సెం.మీ. దాటుతుంది. అంత ఎత్తు దృశ్యాన్ని మింగేస్తుంది కనుక 1/35లో లేత చెట్టును గాని, ఫిరంగి గుండ్లకు సగానికి విరిగిన మానును గాని ఎంచుకోవడమే మేలు. మానుకు ఎండిన వేరు ముక్క బాగా పనికివస్తుంది, ఎందుకంటే కొమ్మకన్నా వేరులో మెలికలు చిన్న పరిమాణంలో దొరుకుతాయి. తీగలు పేని చేసిన మాను మీకు కావలసిన ఆకారం ఇస్తుంది, కాని బెరడు పూయడానికి ఓపిక కావాలి. ఆకులకు లేజర్‌తో కత్తిరించిన కాగితపు ఆకులు ఖరీదైనవి, 10 సెం.మీ. ఆకు 1/35లో దాదాపు 3 మి.మీ. ఉంటుంది కనుక అక్కడ వాటి ఆకారం కంటికి కనిపిస్తుంది, డబ్బుకు తగిన ఫలితం వస్తుంది. 1/72లో అది మిల్లీమీటరున్నరకు లోపే. అక్కడ సన్నగా నలిపిన స్పాంజి పొడితోనే సరిపెట్టుకోవచ్చు. నేల మీద రాలిన ఆకులకు బిర్చ్ చెట్టు కంకుల నుంచి రాలే పొలుసులు పేరుపొందిన మార్గం, అవి సహజంగానే చిన్న ఆకుల ఆకారంలో ఉంటాయి.

గోడలు, శిథిలాలు

ఇటుక గోడను ఎక్స్‌పీఎస్ ఫోమ్‌లో గీసుకోవాలా, ప్లాస్టర్ పోతలో కొనాలా, ప్లాస్టిక్ కిట్ తీసుకోవాలా, త్రీడీ ముద్రణ చేయించాలా అనే ప్రశ్నకు జవాబు చెప్పేది వరుస ఎత్తు. 65 మి.మీ. ఇటుకకు 10 మి.మీ. సున్నపు అతుకు కలిపితే ఒక వరుస 75 మి.మీ.; అది 1/35లో 2 మి.మీ.కు కొంచెం ఎక్కువ, 1/72లో 1 మి.మీ. మాత్రమే. రెండు మిల్లీమీటర్ల వరుసను ఫోమ్ మీద స్కేలు పెట్టి గీయవచ్చు, తరువాత నలిపిన అల్యూమినియం రేకు ఉండతో అద్ది గరుకుదనం తేవచ్చు. ఒక మిల్లీమీటరు వరుసలో గీతలే సగం ఇటుకను తినేస్తాయి. అందుచేత 1/72లో అచ్చు వేసిన ప్లాస్టిక్ పలకను గాని ముద్రించిన గోడను గాని కొనుక్కోవడమే సరైనది.

1/35లో ప్లాస్టర్ పోత గోడకు ఉన్న గొప్పతనం విరగడంలో ఉంది. ప్లాస్టిక్ గోడను కత్తితో ఎంత చెక్కినా విరిగిన అంచు కత్తిరించినట్టే కనిపిస్తుంది. ప్లాస్టర్‌ను రెండు వేళ్ల మధ్య పట్టి విరిస్తే నిజమైన గోడ విరిగినట్టే విరుగుతుంది, రాలిన ముక్కలే శిథిలాలకు పనికివస్తాయి. వ్యాక్యూమ్ పద్ధతిలో (వేడి చేసిన ప్లాస్టిక్ పలకను గాలి పీల్చి అచ్చుకు అంటించి) చేసిన పలుచని ప్లాస్టిక్ ఇళ్లు తేలికైనవి, చవకైనవి, కాని రెండు సగాలు కలిపిన అతుకులు పూడ్చడానికి చాలా పుట్టీ, చాలా సమయం పడతాయి. లేజర్‌తో కోసిన ఎండీఎఫ్ ఇళ్ల మూలలు చక్కగా కలుస్తాయి, అయితే గోడ ముఖం నున్నగా, నిర్జీవంగా ఉంటుంది కనుక పైన గార పూసే ఇళ్లకే వాటిని వాడాలి. త్రీడీ ముద్రణ కిటికీ చట్రాలకు, గడియలకు, వీధి దీపాలకు తగినది.

ఏ పదార్థం ఎంచుకున్నా, కూలిన ఇంటి పరిమాణం మరవకూడదు. పై అంతస్తు లేని గోడ నిలబడి, దాని కాళ్ల దగ్గర నాలుగు ఇటుకలు మాత్రమే ఉంటే ఆ ఇల్లు ఎక్కడికి పోయిందని కన్ను అడుగుతుంది. పోయిన ప్రతి దూలం, పెంకు, గార, మెట్టు కింద కుప్పగా ఉండాలి, వాటి మీద సన్నని పొడి కప్పి ఉండాలి. నార్మండీలోని కాన్ ప్రాంతం అయితే ఇటుక ఎరుపు కాక అక్కడి సున్నపురాతి లేత పసుపు తెలుపు రావాలి.

నీరు, మంచు

చిన్న నీటి మడుగులకు రెసిన్ అవసరం లేదు. మెరిసే అక్రిలిక్ వార్నిష్‌ను ఒకదాని మీద ఒకటిగా ఆరేడు పొరలు వేస్తే చాలు. వాగు, కాలువ వంటి లోతుకు రెండు భాగాలు కలిపే ఎపాక్సీ రెసిన్ కావాలి. దానిని పలుచని పొరలుగా పోయాలి, లేకపోతే గట్టిపడుతూ పుట్టే వేడికి పగుళ్లు, బుడగలు వస్తాయి. కంటికి కనిపించని రంధ్రం ఉన్నా రాత్రికి రాత్రే బయటికి కారిపోతుంది. చేతి తొడుగులు, గాలి ఆడే గది తప్పనిసరి.

మంచుకు వంటసోడా చల్లే పద్ధతిని నేను సిఫారసు చేయను, కాలక్రమంలో పసుపుబారుతుంది. మార్బుల్ పొడి గాని, గాజు మైక్రో బెలూన్లు (పొడిలా ఉండే బోలు గాజు గోళాలు) గాని మెరుపులేని అక్రిలిక్ మాధ్యమంలో కలిపి పూయడం ఎక్కువ కాలం నిలుస్తుంది. మైక్రో బెలూన్లను కలిపేటప్పుడు మాస్కు లేకుండా డబ్బా మూత కూడా తీయకూడదు.

రంగు, బురద

నేలకు, గోడలకు నీటిలో కలిసే మామూలు అక్రిలిక్ రంగులు చాలు. వాహనం మీది మరకలకు, కారిన గుర్తులకు మాత్రం ఎనామెల్ వాష్ (బాగా పలుచన చేసిన ఎనామెల్ రంగు) గాని ఆయిల్ రంగు గాని మేలు, ఎందుకంటే అవి నెమ్మదిగా ఆరుతాయి, నచ్చకపోతే వైట్ స్పిరిట్ (ఆ రంగులను పలుచన చేసే ద్రావకం) తడిపిన బ్రష్షుతో వెనక్కి తీయవచ్చు. అక్రిలిక్ వాష్ త్వరగా ఆరి అంచున గీత మిగులుస్తుంది. కింద అక్రిలిక్ రంగు, దాని మీద వార్నిష్ పొర, ఆపైన ఎనామెల్ అనే వరుస పాటిస్తే ఒకటి మరొకదానిని చెడగొట్టదు.

పిగ్మెంట్ పొడి (దుమ్మును, బురదను చూపే రంగు పొడి) పూసేటప్పుడు పొడి రంగును చూసి నిర్ణయించుకోకండి. దానిని పట్టి ఉంచే ద్రవం తగలగానే ముదురుతుంది, ఆరాక కొంత లేతబడుతుంది కాని మొదటి రంగుకు రాదు. ఒక అట్టముక్క మీద పరీక్షించి మరునాడు చూసి వాడాలి. అన్నిటికన్నా ముఖ్యం, నేలకు వాడిన మట్టి రంగునే వాహనం కింది భాగానికి, బూట్లకు, పాంటు అంచులకు వాడాలి. నేను ఒకే గిన్నెలో కలిపి మూడుగా విడదీస్తాను: ట్రాక్ దగ్గర తడిగా ముదురుగా, బాడీ పక్కల ఆరిన లేత రంగుగా, పైన పలుచని దుమ్ముగా. వేరువేరు సంస్థల బురద సీసాలు రెండు కొని ఒకటి నేలకు, ఒకటి ట్యాంకుకు పూసిన పని ఎంత నేర్పుతో చేసినా రెండు చోట్ల నుంచి తెచ్చి కలిపినట్టే ఉంటుంది.

దుమ్ము తగలకుండా అక్రిలిక్ పెట్టె పెట్టదలిస్తే ఆ నిర్ణయం చివరికి వాయిదా వేయకండి. ఫిరంగి గొట్టం కొస, చెట్టు కొమ్మ, సైనికుడి తుపాకీ మొన పీఠం అంచును దాటి బయటికి వస్తాయా అని ఖాళీ కాగితం మీద ట్యాంక్‌ను, బొమ్మలను ఉంచి చూసి, అంచుల్లో పెట్టె గోడ కూర్చునే చోటు వదిలి, ఆ తరువాతనే పలక కోయించాలి.